340 మంది కొత్త డోనర్లలో 31 మందే మళ్ల ఇచ్చిన్రంటే లోపం ఎక్కడ? – బోరబండ ట్యూషన్ సెంటర్ వాళ్లకి నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివిన. బోరబండలో సాయంత్రం ట్యూషన్ సెంటర్ నడుపుతున్నరు, పోయినేడు జూన్‌లో బడులు తెరిచే టైముకి బ్యాగులు, నోటుబుక్కుల కోసం అడిగితే 340 మంది కొత్తోళ్లు ఇచ్చిన్రు, ఈ ఏడు అదే జూన్‌లో వాళ్లందరికీ మళ్ల మెసేజ్ పెడితే 31 మందే ఇచ్చిన్రు, మా పనిలో లోపం ఉందా లేకపోతే డోనర్ సాఫ్ట్‌వేర్ కొనాల్నా అని అడిగిన్రు. నేను 14 ఏండ్లుగా హైదరాబాద్‌లో చిన్న సంస్థలకి విరాళాల పనే చేస్తున్న, మొదట ఒక హెల్త్ ట్రస్టులో జీతానికి, ఇప్పుడు ఒక నాలుగైదు సంస్థలకి బయటినుంచి. తెలిసింది చెప్తా, జర పొడుగైతది.

ముందు ఒక మాట, 340లో 31 అంటే 9 శాతం. తక్కువే, కానీ మీరనుకున్నంత ఘోరం కాదు. అమెరికాలో దీని మీద ఏటేటా లెక్కలు తీస్తరు, అక్కడ కూడా కొత్తగా ఇచ్చిన 100 మందిలో తర్వాతి ఏడు తిరిగొచ్చేది 20 మంది లోపే. ఆఫీసులు, సాఫ్ట్‌వేర్లు, జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులు అన్నీ ఉన్నోళ్లకే అట్ల ఉంది. మీ దగ్గర ఇద్దరు టీచర్లు, ఒక వాట్సాప్ నంబరు.

అసలు సంగతేంటంటే, మొదటిసారి ఇచ్చినోళ్లు మీ సంస్థకి ఇయ్యలేదు. ఎవరో ఫ్రెండ్ స్టేటస్ పెడితే ఆ ఫ్రెండ్ మొహం చూసి ఇచ్చిన్రు, లేకపోతే ఆ రోజు వాళ్ల బిడ్డ పుట్టినరోజు ఉండె, లేకపోతే వాళ్ల నాన్న సంవత్సరీకం ఉండె, అదే టైముకి మీ మెసేజ్ కనిపించింది. వాళ్లకి మీ పేరు కూడా సరిగ్గ గుర్తుండదు. ఏడాది తర్వాత మీరు మళ్ల "గత సంవత్సరం లాగే ఈసారి కూడా" అని పంపితే అటుపక్క మనిషి "వీళ్లెవరు?" అనుకుంటడు. మధ్యలో 12 నెలలు మీ నుంచి ఒక్క మాట లేదని మీరే రాసిన్రు కదా, 80జి రసీదు (విరాళం మీద టాక్స్ మినహాయింపు కోసం ఇచ్చేది) తప్ప. మనింట్ల పెళ్లికొచ్చి చదివింపులు ఇచ్చి పోయినోళ్లని మనం ఏడాది పాటు పలకరించకుండ, మళ్ల ఏదో ఫంక్షన్‌కి కార్డు మాత్రం పంపితే ఎట్లుంటది, గదే.

చదివింపుల మాట వచ్చింది కాబట్టి అదే చెప్తా, ఎందుకంటే ఈ పని నేను నేర్చుకుంది ఏ ట్రైనింగ్‌లో కాదు, పెళ్లిళ్లలో బల్ల దగ్గర నోటుబుక్ పెట్టుకుని కూసునే పెద్దమనుషుల దగ్గర. వాళ్లు ఒట్టి పేరు, పైసలు రాయరు, "ఫలానా ఊరు, ఫలానావాళ్ల అల్లుడు" అని రాస్తరు. పదేండ్ల తర్వాత ఆ అల్లుడి ఇంట్ల ఫంక్షన్ అయితే ఆ నోటుబుక్ తీసి చూస్తరు. మీ ఎక్సెల్ షీట్‌లో ఏముంది? పేరు, ఫోన్, పాన్, అమౌంట్, తారీఖు. ఎందుకు ఇచ్చిన్రు అనే గడి లేదు. మీరు చెయ్యాల్సిన మొదటి పని ఆ ఒక్క గడి పెట్టడం.

ఆ గడిలో ఏం రాయాలో ఎట్ల తెలుస్తదంటే సగం అమౌంట్ చూస్తేనే తెలుస్తది. 1000 ఇచ్చినాయన వేరు, 1116 ఇచ్చినాయన వేరు. 516, 1116, 5116 కొట్టిన్రంటే చాలామట్టుకు ఇంట్ల ఏదో శుభకార్యం, ఏదో సందర్భం అయ్యుంటది, అంత గుర్తుపెట్టుకుని ఆ పదహార్లు కలిపి కొట్టిన మనిషిని మీరు మిగతావాళ్లతో కలిపి ఒకే మెసేజ్ పంపుతున్నరు. యూపీఐలో కింద నోట్ అని చిన్న గడి ఉంటది కదా, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఒక్కోసారి అది కూడా వస్తది, "అమ్మ పేరు మీద" అని రాసినోళ్లు ఉంటరు, అది ఎవరూ చదవరు. పోయినేడు జూన్ స్టేట్‌మెంట్ ఒకసారి తీసి ఆ కాలమ్ మొత్తం చదవండి, గంట పని.

ఇంకో సంగతి, సందర్భం రాసుకోవాలె గాని ఒట్టి తారీఖు రాసుకుంటే లాభం లేదు. మేము ఈ తప్పు చేసినం. ఒకాయన తల్లి తద్దినం రోజు అన్నదానానికి ఇచ్చిండు, మేము ఇంగ్లిష్ తారీఖు రాసుకుని, మరుసటేడు సరిగ్గ అదే తారీఖుకి ఫోన్ చేసినం. ఆయనకి తిథి ప్రకారం అప్పటికే అయిపోయి వారం దాటింది. "మీరు ముందే చేస్తే మీకే ఇచ్చేవాణ్ని, గుడిలో ఇచ్చేసిన" అన్నడు పాపం, కోపం కూడా చెయ్యలేదు. రంజాన్‌లో జకాత్ (ముస్లింలు నియమంగ ఇచ్చే దానం) ఇచ్చేటోళ్లు కూడా అంతే, మన ఊర్లో మస్తు మంది ఉంటరు, రంజాన్ ప్రతి ఏడు పది పదకొండు రోజులు ముందుకి జరుగుతది, మీరు పోయినేటి తారీఖు పట్టుకుని కూసుంటే పండుగ అయిపోయినంక ఫోన్ చేస్తరు. పైగా జకాత్ పైసలు ఎవరికి చేరాలె అన్నదానికి వాళ్లకి నియమాలుంటయి, ఆ పైసలు మీ కరెంటు బిల్లుకి పెడితే సరికాదు, ముందే అడిగి తెలుసుకుని వేరుగ లెక్క పెట్టండి. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకే మాకు ఒక కుటుంబం ఆరేండ్లుగా ఇస్తున్నది.

అందరికీ సందర్భం ఉండదు. ఇంకొందరు గుప్తదానం మనుషులు, కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియొద్దంటరు, వాళ్లకి ఫోన్ చేస్తే చిరాకు. "నన్ను కాంటాక్ట్ చెయ్యొద్దు" అంటే షీట్‌లో ఎర్ర రంగు పెట్టి వదిలెయ్యండి. వాళ్లలో కొందరు వాళ్లంతట వాళ్లే మళ్ల వస్తరు.

క్యూఆర్ కోడ్ గురించి మీరు ఒక లైను రాసి వదిలేసిన్రు గాని నాకు అదే పెద్ద ఓటి కుండ లాగ కనిపిస్తున్నది. సెంటర్ గోడ మీద, స్టాల్ మీద క్యూఆర్ పెట్టిన్రు, జనం స్కాన్ చేసి కొట్టి పోతున్నరు. మీకు వచ్చేది ఒక పేరు, ఒక యూపీఐ ఐడీ. ఫోన్ నంబర్ లేదు, అడ్రసు లేదు. రేపు మీరు వాళ్లకి థ్యాంక్స్ ఎట్ల చెప్తరు, మళ్ల ఎట్ల అడుగుతరు? అంతేకాదు, పేరు అడ్రసు లేని విరాళాలు ఒక హద్దు దాటితే, అంటే మొత్తం విరాళాల్లో 5 శాతం లేకపోతే లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే దానికి మించితే, పైనున్న దాని మీద 30 శాతం ఇన్‌కంటాక్స్ పడ్తది, మీ సీఏ చెప్పే ఉంటరు. క్యూఆర్ తీసెయ్యమని అంటలేను. పక్కన ఒక మనిషి, ఒక నోటుబుక్ పెట్టండి, "అన్నా, నోటుబుక్కులు పంచిన ఫోటో పంపుతం, నంబర్ రాయండి" అంటే పది మందిలో ఏడెనిమిది మంది రాస్తరు. "రసీదు కోసం నంబర్ ఇయ్యండి" అంటే రాయరు, నేను రెండూ చేసి చూసిన.

ఇప్పుడు ఫోన్. పైసలు వచ్చిన రెండు మూడు రోజుల్లో ఫోన్ చెయ్యాలె, నెల తర్వాత కాదు. కానీ ఈమధ్య తెలియని నంబర్ అంటేనే జనం భయపడుతున్నరు, డిజిటల్ అరెస్ట్ మోసాలు, లోన్ కాల్స్, పిల్లల రోగాల ఫోటోలు చూపించి ఏడిపించే కాల్ సెంటర్లు, అన్నీ కలిసి మంచోళ్ల ఫోన్ కూడా స్పామ్ అయ్యింది. కాబట్టి ముందు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్, పిల్లలకి చెప్పే టీచర్ గొంతుతో, ఇరవై సెకన్లు, "మేడమ్, నేను బోరబండ సెంటర్ టీచర్ని, మీరు పంపిన దాంతో ఇయ్యాల్నే లాంగ్ బుక్కులు తెచ్చినం, సాయంత్రం ఒక రెండు నిమిషాలు ఫోన్ చెయ్యొచ్చా, పైసల కోసం కాదు" అని. ఆ "పైసల కోసం కాదు" అన్న మాట తప్పకుండ ఉండాలె, ఫోన్‌లో దాని మీద నిలబడాలె కూడా. ఐటీ వాళ్లకి సాయంత్రం ఏడు తర్వాత, రిటైర్ అయినోళ్లకి పొద్దున పదకొండు. ఫోన్‌లో మీరు ఎక్కువ మాట్లాడొద్దు, ఒకటే అడగండి, "మీకు మా సంగతి ఎట్ల తెలిసింది, ఏమనుకుని ఇచ్చిన్రు?" అంతే, తర్వాత వాళ్లు చెప్పింది ఆ గడిలో రాసుకోండి. ఒకామె నాకు ఫోన్‌లో చెప్పింది, తను చిన్నప్పుడు సనత్‌నగర్‌లో వీధి లైటు కింద చదువుకున్నదట. అట్లాంటి మనిషికి మీరు బ్యాగుల ఫోటో పంపితే ఏం లాభం, సెంటర్‌లో కొత్త లైట్లు వేసిన ఫోటో పంపాలె.

340 మందికి ఎవరు చేస్తరంటరా, ఇద్దరు రోజుకి పది చొప్పున చేస్తే 17 రోజులు. వలంటీర్లకి అప్పగించి స్క్రిప్ట్ ఇయ్యకండి, చదివినట్టు తెలిసిపోతది.

ఫోన్ అయినంక మళ్ల అడిగేలోపు కనీసం రెండు మూడు సార్లు ఏమీ అడగకుండ కబురు చెప్పాలె. మీకు మంచి వీలుంది, బడి క్యాలెండరే మీ క్యాలెండర్. జూన్‌లో పుస్తకాలు, దసరా సెలవుల్లో సెంటర్‌లో ఏం చేసిన్రో, జనవరిలో పదో తరగతి పిల్లలకి ఎక్స్‌ట్రా క్లాసులు, మార్చిలో పరీక్షలు, తర్వాత రిజల్ట్. ప్రతిదీ ఒక ఫోటో, రెండు లైన్లు. పీడీఎఫ్ న్యూస్‌లెటర్ పంపకండి దండం పెడ్తా, ఎవ్వరూ తెరవరు. మంచి కబురే కాదు, చెడ్డ కబురు కూడా చెప్పండి. ఇద్దరు పిల్లలు మధ్యలో మానేసి పనికి పోతున్నరు, ఇంటికి పోయి మాట్లాడుతున్నం అని రాస్తే జనం నమ్ముతరు, ఎప్పుడూ నవ్వే ఫోటోలే పంపితే అది యాడ్ లాగ ఉంటది. ఇంకోటి, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడ్తరు, పైగా మీ నంబర్ సేవ్ చేసుకున్నోళ్లకే మెసేజ్ పోతది. మీరు 340 మందికి పంపిన అనుకుంటున్నరు, వాళ్లలో మీ నంబర్ ఎంతమంది సేవ్ చేసుకున్నరో? నాకైతే మీ 31కి సగం కారణం ఇదేనేమో అని అనుమానం. ఫోన్‌లో మాట్లాడినప్పుడే "నంబర్ సేవ్ చేసుకోండి, ఫోటోలు వస్తయి" అని చెప్పాలె.

పిల్లలతో "థ్యాంక్యూ అంకుల్" అని వీడియో చేయించడం నాకు నచ్చదు. చాలా సంస్థలు చేస్తయి, పైసలు కూడా వస్తయి, కాదనను. కానీ ఆ పిల్ల రేపు ఇంటర్‌కి పోయినప్పుడు తన మొహం వంద మంది ఫోన్లలో దీనంగ ఉంటది. వెనక నుంచి తీసిన ఫోటో, వాళ్లేసిన బొమ్మ, బ్లాక్‌బోర్డ్ మీద లెక్క, ఇవి చాలు. డోనర్ని పిలిచి శాలువా కప్పే ఫంక్షన్ కూడా వద్దు. సెంటర్ నడిచే టైముకి శనివారం సాయంత్రం రమ్మనండి, ఊకె వచ్చి వెనక బల్ల మీద కూసుని చూసి పొమ్మనండి. హైటెక్ సిటీ నుంచి బోరబండ దగ్గరే, ఎంఎంటీఎస్ స్టేషన్ కూడా ఉంది, అయినా పది మందిని పిలిస్తే ఇద్దరే వస్తరు, ఆ ఇద్దరూ మిమ్మల్ని వదిలి పోరు.

రెండోసారి అడగడం ఏడాది దాకా ఆగకండి, మూడు నాలుగు నెలలకి అడగొచ్చు, మధ్యలో కబుర్లు పోయి ఉంటే. మొదటిసారి 2000 ఇచ్చినాయన్ని రెండోసారి 5000 అడిగితే మూతి ముడుస్తడు. అంతే అడగండి, లేకపోతే చిన్నదిగ ఒక స్పష్టమైన దానికి అడగండి, "జనవరి నుంచి మార్చి దాకా పదో తరగతి పిల్లలకి సాయంత్రం పాలు, అరటిపండు, ఒక పిల్లకి నెలకి ఇంత" అని. మీ లెక్క మీకే తెలుసు, నిజం అంకె రాయండి, గుండ్రంగ చెయ్యకండి, 430 అయితే 430 అనే రాయండి.

నెలనెలా ఇచ్చే పద్ధతి పెట్టాలంటే యూపీఐ ఆటోపే (ఒకసారి ఒప్పుకుంటే నెలనెలా దానంతటదే కట్ అయ్యేది) ఉంది, 2020లో వచ్చింది, 15,000 దాకా ప్రతిసారి పిన్ కొట్టే పని లేకుండ కట్ అయితది. ఇక్కడ ఒక కిటుకు చెప్తా. ఆర్‌బీఐ రూల్ ప్రకారం పైసలు కట్ అయ్యే 24 గంటల ముందు ఆయనకి "రేపు 500 కట్ అయితది" అని నోటిఫికేషన్ పోవాలె. చాలామంది క్యాన్సిల్ చేసేది అది చూసే, ఎందుకంటే నెలలో మీ గురించి వచ్చే ఒకే ఒక్క మెసేజ్ అది. కాబట్టి దానికి ఒకరోజు ముందు మీ ఫోటో, రెండు లైన్లు పోవాలె. కట్ అయ్యే తారీఖు 3 నుంచి 5 మధ్యలో పెట్టుకోండి, జీతం పడ్డంక, ఈఎంఐలు అద్దెలు మొత్తం ఊడ్చకముందు. బ్యాంక్ ఖాతా మీద ఈ-నాచ్ (ఖాతా నుంచే నెలనెలా కట్ అయ్యే ఏర్పాటు) పెడితే జాగ్రత్త, బ్యాలెన్స్ లేక బౌన్స్ అయితే బ్యాంక్ డోనర్ దగ్గర ఛార్జీ గుంజుతది, దానధర్మం చేద్దామని ఫైన్ కట్టినట్టయితది, మనల్నే తిడ్తడు. ఒకసారి ఫెయిల్ అయితే రెండోసారి కొట్టే ముందు ఫోన్ చేసి అడగండి.

80జి గురించి రెండు మాటలు. చాలా సంస్థలు మార్చి రాంగానే "టాక్స్ ఆదా చేసుకోండి" అని మెసేజ్ కొడ్తయి. 2023-24 నుంచి కొత్త టాక్స్ విధానమే డిఫాల్ట్ అయ్యింది, అందులో 80జి లేదు, ఆపైన 2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా టాక్స్ లేకుండ చేసినంక మాదాపూర్ కుర్రాళ్లలో ఆ మెసేజ్‌కి ఎవరూ కదులుతలేరు. పాత విధానంలో ఉన్నోళ్లకి ఇప్పటికీ పని చేస్తది, వాళ్లెవరో అడిగి రాసుకోండి, మిగతావాళ్లకి ఆ మాటే ఎత్తకండి. క్యాష్ అయితే 2000 దాటితే 80జి రాదని కూడా ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే మోసం చేసినట్టు ఫీలైతరు.

2021-22 నుంచి 10బీడీ (ఎవరెంత ఇచ్చిన్రో ఇన్‌కంటాక్స్ వాళ్లకి చెప్పే ఫారం) వేసి డోనర్‌కి 10బీఈ సర్టిఫికెట్ ఇయ్యాలె కదా, మే 31 లోపు. మేము ఒక ఏడు ఒకాయన పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టినం. ఆయన రిటర్న్‌లో తేడా వచ్చింది, ఫోన్ చేసి నాకు ఎడాపెడా దులిపిండు, "ఇచ్చినందుకు నాకు నోటీసు తెప్పిస్తరా" అని. నేను తప్పు మాదే అని ఒప్పుకుని, సవరించి మళ్ల దాఖలు చేయించి, కొత్త సర్టిఫికెట్ ప్రింట్ తీసుకుని ఆయన ఉండే వనస్థలిపురం పోయి చేతికిచ్చిన. చాయ్ తాగిపించిండు. ఇప్పుడు నెలనెలా ఇస్తడు, ఇంకా తిడ్తడు కూడా, మా వెబ్‌సైట్‌లో తెలుగు తప్పులున్నయని. కాబట్టి ఎవరన్న ఫిర్యాదు చేస్తే తప్పించుకోకండి, ఫోన్ చేసి తిట్టేంత ఓపిక ఉన్నాయన అంటే మీ మీద ఇంకా ఆశ ఉన్నాయన.

మీ 340లో ఒక గుంపుని మాత్రం వేరుగ చూడండి. మారథాన్ పరిగెత్తిన మీ వలంటీర్ ఒకాయన వల్ల 60 మంది దాకా ఇచ్చిన్రని రాసిన్రు. వాళ్లు ఆయన ఫ్రెండ్స్, మీ డోనర్లు కాదు. వాళ్లకి మీరు ఎంత మంచిగ రాసినా తక్కువే. ఆ వలంటీర్‌తోనే ఒక మెసేజ్ పెట్టించండి, "మీరిచ్చిన దాంతో ఇది అయ్యింది, నేను కండ్లతో చూసొచ్చిన" అని, ఆయన గొంతులో. ఆయన్ని పట్టుకుని ఉంటే 60 మందిని పట్టుకున్నట్టే, ఆయన పోతే అందరూ పోతరు. అట్లనే ఎన్నారైలు, డల్లాస్‌లో ఉన్న మేనమామ పంపుతా అంటడు, ఆగి ఒక ప్రశ్న అడగండి, పాస్‌పోర్ట్ ఏ దేశంది అని. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి తన సంపాదన బ్యాంక్ ద్వారా పంపితే సమస్య లేదు, అమెరికా పౌరసత్వం తీసుకున్నా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనోళ్లకి ఇచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళం కింద వస్తది, మీకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) లేదు కాబట్టి తీసుకోవద్దు. మొహమాటానికి తీసుకుంటే సంస్థకే ముప్పు.

సాఫ్ట్‌వేర్ వద్దు. వెయ్యి మంది దాటేదాకా ఎక్సెల్ చాలు, ఇప్పుడున్న గడులకి మూడు కలపండి, ఎందుకు ఇచ్చిన్రు, చివరిసారి ఏం అడగకుండ ఎప్పుడు మాట్లాడినం, మళ్ల ఏ సందర్భానికి పలకరించాలె. చివరిదాన్ని బట్టి ప్రతి సోమవారం పొద్దున షీట్ సార్ట్ చేసి, ఆ వారంలో ఎవరి సంగతి ఉందో చూసుకోండి.

ఇక ఈ ఏడు ఇయ్యని ఆ 309 మంది. వాళ్లకి మళ్ల విరాళం మెసేజ్ పంపకండి. పోయినేడు కొన్న బ్యాగులు ఇప్పుడు ఎట్లున్నయో ఫోటో తియ్యండి, జిప్పు పోయినవి, పట్టీ కుట్టినవి కూడా, "మీరు పోయిన జూన్‌లో ఇచ్చిన బ్యాగులు ఇవి, ఏడాదిగా మీకు ఏమీ చెప్పలేదు, తప్పు మాదే" అని రాసి బ్రాడ్‌కాస్ట్ కాకుండ ఒక్కొక్కరికి పేరు పెట్టి పంపండి. జవాబిచ్చినోళ్లకి ఫోన్ చెయ్యండి, ఇయ్యనోళ్లకి దసరా తర్వాత ఇంకోసారి. మెసేజ్ రాసుకున్నంక కావాలంటే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.